ఐదు పది ఎలా అయింది?

(2024 డిసెంబర్ 7న టొరంటో దగ్గర ఒక తెలుగు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. కార్యవర్గానికి, పొద్దున్నుంచి వంటల దగ్గర నిలబడ్డ అక్కచెల్లెళ్లకు, ఈ మంచులో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు పేరుపేరునా నమస్కారం. ఈ ఏడు ఇంజనీరింగ్‌లో చేరిన మన పిల్లలు పదకొండు మంది ముందు వరుసలో కూర్చున్నారు. అందులో ఏడుగురు ఆడపిల్లలు. వాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు, శాలువా కప్పారు. సంతోషం.

చదువు గురించి, ఉద్యోగాల గురించి రెండు పేజీలు రాసుకొచ్చాను. అవి పక్కన పెడుతున్నాను. నిన్న డిసెంబర్ 6. మాంట్రియల్‌లో ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలను కాల్చి చంపి నిన్నటికి ముప్పై అయిదేళ్లు. ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలను ముందు కూర్చోబెట్టుకుని, ఆ రోజు మరునాడు, ఆ మాట, దాని తరువాత వచ్చిన తుపాకీ చట్టం మాట ఎత్తకుండా నేను మాట్లాడలేను.

నేను 1988లో తెనాలి నుంచి మాంట్రియల్ వచ్చాను, మెకానికల్‌లో మాస్టర్స్ చేయడానికి. 1989 డిసెంబర్ 6 బుధవారం. సాయంత్రం గదిలో అన్నం వండుకుంటున్నాను. రేడియోలో ఫ్రెంచ్‌లో చెబుతున్నారు, నాకు సగమే అర్థమవుతోంది. ‘పాలిటెక్నిక్’ అన్న మాట అర్థమైంది. ‘అమ్మాయిలు’ అన్న మాట అర్థమైంది. మిగతాది పక్కగది పిల్ల ఏడుస్తూ చెప్పింది.

ఎకోల్ పాలిటెక్నిక్ అంటే మాంట్రియల్‌లో కొండవాలు మీద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ. ఒక మనిషి రైఫిల్ పట్టుకుని క్లాసులోకి వచ్చాడు. మగపిల్లలను బయటికి పొమ్మన్నాడు. తొమ్మిది మంది ఆడపిల్లలను గోడవైపు నిలబెట్టి, మీరంతా ఫెమినిస్టులు అని కాల్చాడు. ఆ గదిలోనే ఆరుగురు పోయారు. తరువాత కారిడార్లు, క్యాంటీన్, ఇంకో క్లాసు. ఇరవై నిమిషాలు పట్టలేదు. మొత్తం 14 మంది ఆడవాళ్లు చనిపోయారు. పన్నెండు మంది ఇంజనీరింగ్ విద్యార్థినులు, ఒకమ్మాయి నర్సింగ్, ఒకావిడ కాలేజీ ఉద్యోగిని. వాడి చేతిలో ఉన్నది రూగర్ మినీ-14. సెమీ ఆటోమేటిక్, అంటే మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తరువాతిది దానంతటదే ఎక్కే రైఫిల్. రెండు వారాల ముందు షాపులో డబ్బు కట్టి, చట్టప్రకారం కొన్నది.

మా నాన్నగారికి కబురు పేపర్లో తెలిసింది. అప్పుడు మా ఇంట్లో ఫోన్ లేదు. నాలుగో రోజు ఐఎస్‌డీ బూత్ నుంచి చేశారు. లైన్ దొరికేదాకా ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు. “చదువూ వద్దు, ఏమీ వద్దు, వచ్చెయ్యి తల్లీ” అన్నారు. “పరీక్షలు ఉన్నాయి నాన్నా” అన్నాను. అటునుంచి మాట లేదు, మీటరు తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. నేను వెళ్లలేదు. కానీ మా వీధి చివర ఒక అమ్మాయికి మరుసటి ఏడు ఎంసెట్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వాళ్ల నాన్న, మా నాన్నతో రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చునే మనిషి, “అక్కడ కాల్చేశారటగా, మనకెందుకండీ” అని ఆ పిల్లను బీయస్సీలో చేర్పించాడు. లెక్కల్లో నాకంటే చురుకైన పిల్ల. ఆ విషయం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పద్నాలుగు మంది అంటాం. ఇలా ఆగిపోయిన వాళ్లను ఎవరు లెక్కపెట్టారు?

సరే. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంజనీరింగ్ పిల్లలూ, ఇది మీ సబ్జెక్టే, జాగ్రత్తగా వినండి.

మ్యాగజైన్ అంటే ఇక్కడ పత్రిక కాదు. తుపాకీకి కింద తగిలించే డబ్బా. తూటాలు అందులో ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అడుగున స్ప్రింగ్, స్ప్రింగ్ మీద ఒక చిన్న పలక, ఆ పలక తూటాలను పైకి తోస్తూ ఉంటుంది. డబ్బా ఖాళీ అయితే కాల్చేవాడు ఆగాలి. దాన్ని ఊడదీసి ఇంకోటి తగిలించాలి. ఆ ఆగడం దగ్గరే ప్రాణాలు నిలుస్తాయి.

పాలిటెక్నిక్ తరువాత అక్కడి విద్యార్థులు, పోయిన పిల్లల తల్లిదండ్రులు దేశమంతా తిరిగి ఐదు లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. 1991లో కెనడా పార్లమెంటు చట్టం చేసింది. దాని కింద మ్యాగజైన్లకు హద్దు వచ్చింది. అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే మామూలు సెంటర్‌ఫైర్ తూటాలు కాల్చే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు ఐదు తూటాలు. పిస్టల్‌కు పది. అంతకు మించి పట్టేది ఏదైనా నిషిద్ధ వస్తువు, దగ్గర ఉంటేనే నేరం. ఆ ఐదు అనే అంకె వెనక ఆ పద్నాలుగు మంది ఉన్నారు.

ఆ ఐదు ఎక్కడ పది అయిందో చెబుతాను.

2019లో మా స్నేహితురాలి కొడుకు మా ఇంటికి వచ్చాడు. మంచి పిల్లవాడు, మా ఇంట్లోనే పెరిగాడని చెప్పాలి. లైసెన్సు పరీక్ష రాసి పాసయ్యాడు, గురి సాధన చేసే రేంజ్‌కు వెళ్తాడు, తుపాకీకి తాళం వేసి పెడతాడు. ఏదీ చట్టం దాటి చేయడు. తుపాకీ తీసుకురాలేదు, ఖాళీ మ్యాగజైన్లు రెండు తెచ్చాడు. “ఆంటీ, మీరు మెకానికల్ కదా, చూడండి” అని వంటింటి బల్ల మీద పెట్టాడు.

ఒకటి పొడుగ్గా, వంపు తిరిగి ఉంది. ముప్పై పట్టే డబ్బా, కానీ పక్కన అడ్డంగా ఒక రివెట్ కొట్టి ఉంది. లోపలి పలక ఆ రివెట్ దగ్గర ఆగిపోతుంది, ఐదు తూటాలకు మించి దిగవు. రెండోది పొట్టిది, నిటారుగా ఉంది. రివెట్ లేదు. పది పడతాయి. దాని మీద ఒక పిస్టల్ మోడల్ పేరు ఉంది.

“ఈ రెండోది దేనికి రా?” అన్నాను.

“అదే రైఫిల్‌కు ఆంటీ.”

“రైఫిల్‌కు ఐదే కదా?”

“ఇది పిస్టల్ కోసం చేసిన మ్యాగజైన్. రైఫిల్‌లో పెట్టుకున్నా లీగలే. పోలీసులే రాశారు.”

నేను నమ్మలేదు. వాడు వెళ్లాక కూర్చుని చదివాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. 2011లో ఆర్‌సీఎంపీ, అంటే కెనడా కేంద్ర పోలీసులు, తుపాకీ వ్యాపారులకు ఇచ్చిన ప్రత్యేక బులెటిన్‌లో స్పష్టంగా ఉంది. మ్యాగజైన్ ఏ తుపాకీ కోసం తయారైందో చూడాలి, ఏ తుపాకీలో వాడుతున్నారో చూడక్కర్లేదు. ఉదాహరణ కూడా ఇచ్చారు, రాక్ రివర్ ఆర్మ్స్ వాళ్ల ఎల్‌ఏఆర్-15 పిస్టల్. పిస్టల్ అంటే జేబులో పట్టేది అనుకుంటాం కదా, ఇది అది కాదు. ఏఆర్-15 రైఫిల్‌నే గొట్టం పొట్టి చేసి, భుజానికి ఆనించే కట్ట తీసేసి, పిస్టల్ అన్నారు. తూటా అదే. మ్యాగజైన్ తగిలించే గూడు అదే. కాబట్టి దాని పది తూటాల డబ్బా ఏఆర్-15 రైఫిల్‌లో సరిగ్గా కూర్చుంటుంది.

ఇప్పుడు ఇంకొక డబ్బా ఊహించుకోండి. అదే రేకు, అదే స్ప్రింగ్, అదే పది తూటాలు. మీ వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిచినా తేడా దొరకదు. కానీ అది రైఫిల్ కోసం తయారైంది. అది దగ్గర ఉంటే జైలు. ఇది దగ్గర ఉంటే షాపువాడు బిల్లు ఇస్తాడు. ఇంజనీర్లుగా చెప్పండి, అమ్మాయిలూ. ఒక యంత్రం ఎంత ప్రమాదమో అది చేసే పనిని బట్టి తేలుస్తామా, దాని మీద రాసిన పేరును బట్టి తేలుస్తామా?

వేటకు వెళ్లే వాళ్లు, రేంజ్‌కు వెళ్లే వాళ్లు ఈ సభలో కూడా ఉన్నారు. మీ మీద నాకు కోపం లేదు. మా తాతగారికి కూడా డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వస్తే స్టేషన్‌లో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవారు. ఒక్కసారి కూడా సణగలేదు. నేను చెప్పేది తుపాకీ పట్టేవాళ్లకూ మేలే. ఈ పేరు చూసే పద్ధతి మీ మెడకూ చుట్టుకుంది. అడుగు అంచు మీద దెబ్బ తగిలి పేలే చిన్న రిమ్‌ఫైర్ తూటాలు కాల్చే రైఫిళ్లకు మ్యాగజైన్ హద్దు లేదు. అందుకని రూగర్ 10/22 అనే అలాంటి రైఫిల్ ఉన్న వాళ్లు ఇరవై అయిదు తూటాల డబ్బాలు దర్జాగా కొనుక్కున్నారు. అదే డబ్బా చార్జర్ అనే పిస్టల్‌కు కూడా పడుతుంది కాబట్టి పది దాటితే నిషిద్ధమని 2016లో ఆర్‌సీఎంపీ చెప్పింది. కొన్న రోజున ఏ తప్పూ చేయని మనిషి ఇంట్లో కూర్చునే నేరస్థుడయ్యాడు. ఇక్కడ పిస్టల్ పేరు ఐదును పది చేసింది, అక్కడ అదే పిస్టల్ పేరు పక్కింటాయన్ను టెన్షన్‌లో పడేసింది. ఏ తుపాకీలో పెడుతున్నావో ఆ తుపాకీ హద్దే లెక్క అని ఒక్క వాక్యం రాస్తే రెండు బాధలూ పోతాయి.

ఐదైనా పదైనా తేడా ఏముంటుంది, కాల్చేవాడు రెండు డబ్బాలు తెచ్చుకుంటాడు కదా అని నన్ను చాలామంది అడిగారు. ఇదే ఊళ్లో, పెళ్లిళ్లలో, భోజనాల దగ్గర అడిగారు. దానికి నా దగ్గర ఒకటే జవాబు.

2011 జనవరి 8. అమెరికాలో, అరిజోనాలోని టూసాన్. ఒక సూపర్‌మార్కెట్ ముందు గాబ్రియెల్ గిఫర్డ్స్ అనే కాంగ్రెస్ సభ్యురాలు జనంతో మాట్లాడుతున్నారు. ఒకడు పిస్టల్‌కు ముప్పై మూడు తూటాల మ్యాగజైన్ పెట్టుకొచ్చాడు. క్షణాల్లో ఆరుగురిని చంపాడు. అందులో తొమ్మిదేళ్ల పాప ఒకతె. డబ్బా అయిపోయింది. రెండోది తీసి పెట్టుకోబోయాడు. అప్పుడు ప్యాట్రీషియా మెయిష్ అనే అరవై ఒక్క ఏళ్ల ఆవిడ, నేల మీద పడి ఉన్న మనిషి, ఆ మ్యాగజైన్ వాడికి అందకుండా లాక్కుంది. మగవాళ్లు ఇద్దరు ముగ్గురు వాడి మీద పడి పట్టుకున్నారు. అంతే, అక్కడితో ఆగింది. ఆవిడకు దొరికిన సందు ఎంత? రెండు మూడు క్షణాలు. ఆ సందు ముప్పై మూడు తూటాల తరువాత దొరికింది. పది తరువాత దొరికి ఉంటే? ఐదు తరువాత?

ఆ పాప వయసు పిల్లలు ఇప్పుడు మన హాలు వెనక పరిగెడుతున్నారు. చూడండి.

మళ్లీ మన దేశానికి వస్తే, క్యూబెక్ సిటీ మసీదులో కాల్పులు, 2017 జనవరి, ఆరుగురు పోయారు. నోవా స్కోషియా రాష్ట్రంలో కాల్పులు, 2020 ఏప్రిల్, 22 మంది పోయారు. ప్రతిసారీ తరువాత ప్రభుత్వం కదిలింది. 2020 మే 1న ఏఆర్-15తో సహా దాదాపు పదిహేను వందల మోడళ్లను నిషేధించారు. 2022 అక్టోబర్ 21 నుంచి కొత్తగా పిస్టళ్ల అమ్మకం, కొనుగోలు ఆపేశారు. పోయిన డిసెంబర్‌లో తుపాకుల మీద సీ-21 బిల్లు చట్టమైంది, మ్యాగజైన్‌ను మార్చి హద్దు దాటించడం ఇప్పుడు దానికదే నేరం. మొన్న గురువారం ఇంకో 324 మోడళ్లు జాబితాలో చేర్చారు. ఇవన్నీ మంచివే. నేను కాదనను. కానీ జాబితాలో లేని రైఫిల్ ఇంకా ఉంది, దానికి పట్టే పది తూటాల పిస్టల్ డబ్బా ఇంకా ఉంది. పిస్టల్ కొనడానికి వీల్లేని దేశంలో పిస్టల్ మ్యాగజైన్‌ను రైఫిల్‌లో వాడుకోవచ్చు. నోవా స్కోషియా కాల్పుల మీద విచారణ చేసిన కమిషన్ 2023 మార్చి 30న నివేదిక ఇచ్చింది. ఐదుకు మించి తూటాలు పట్టే మ్యాగజైన్ల వాడకం నిషేధించండి, ఇప్పటి చట్టంలో ఉన్న సందులు మూయండి అని సూటిగా చెప్పింది. ఏడాది తొమ్మిది నెలలు అవుతోంది.

నేను మూడుసార్లు ఉత్తరం రాశాను, పైవాళ్లకు. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. అక్షరం తేడా లేదు. తేదీ మాత్రం మారింది. మూడో జవాబులో నా మాట మ్యాగజైన్ల గురించి అని కూడా గమనించకుండా, నిషేధించిన తుపాకులను ప్రభుత్వం తిరిగి కొనే పథకం వివరాలు పంపారు. ఆ కాగితం పట్టుకుని వంటింట్లో అదే బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నా ఒక్కదాని ఉత్తరం చాలదని అప్పుడు అర్థమైంది.

మా స్నేహితురాలి కొడుకు వెనక నిలబడి ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. మా ఇద్దరికీ చాలా విషయాల్లో పడదు. 2020 నిషేధం వాడికి అన్యాయం అనిపిస్తుంది, నాకు అనిపించదు. కానీ డబ్బా మీద పేరు కాదు, తుపాకీ హద్దు చూడాలన్న మాట దగ్గర ఇద్దరం కలిశాం. అందుకే మన ఎంపీలకు పంపడానికి అందరి పేరా ఒక ఉత్తరం తయారు చేశాం, అందులో రెండో పేరా వాడే రాశాడు, ఇంగ్లీషు నాకంటే బాగా రాస్తాడు.

ఉత్తరాలు వెనక బల్ల మీద, పులిహోర పక్కన ఉన్నాయి. నూట యాభై ప్రింట్ తీయించాను. అమ్మాయిలూ, మొదట మీరు వెళ్లండి. సంతకం కింద పోస్టల్ కోడ్ తప్పకుండా రాయండి, అది లేకపోతే మీరు ఏ నియోజకవర్గమో వాళ్లకు తెలియదు. పార్లమెంటులో ఎంపీకి పంపే ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. కవర్లు నేనే తెచ్చాను.