బ్లాక్ బెల్టుతో మొదటి వారం: ఉన్నదున్నట్టు రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ నల్ల బెల్టే ఇవాళ్టి రివ్యూ. ఫోన్లు, హెల్మెట్లు చూపించే చానల్లో జియు జిట్సు (నేల మీద పట్లు పట్టి లొంగదీసే కుస్తీ లాంటి ఆట) బెల్టేంటని అడక్కండి. ఇది నడుముకి రావడానికి పదకొండేళ్లు పట్టింది, అన్‌బాక్సింగ్ కూడా చేసుకోనివ్వరా?

ముందు వస్తువు సంగతి. మందపాటి కాటన్, పొడవునా దగ్గర దగ్గర కుట్లు. కొత్తది కదా, కర్రలా బిగుసుకుని ఉంది, ముడి నిలవట్లేదు. మొదటి రోజు గంటన్నర క్లాసులో ఏడుసార్లు ఊడింది. పాత బ్రౌన్ బెల్టయితే పాత లుంగీలా చెప్పినట్టు వినేది. చివర ఈ ఎర్ర పట్టీ చూశారా? డిగ్రీల గీతలు, అంటే బ్లాక్ బెల్టులోనే పై మెట్ల గుర్తులు, దీని మీదే వేస్తారు. మొదటి గీతకే కనీసం మూడేళ్లు ఆగాలి. మా అమ్మ మాత్రం చూడగానే, "నల్లదే కదా, దిష్టి తగల్దులే" అంది.

లింక్ పెట్టమంటారేమో. గుడ్డ ఎవరైనా కొనుక్కోవచ్చు. కట్టుకోవాలంటే, జియు జిట్సు పోటీలు నడిపే ఐబీజేజేఎఫ్ అనే సంఘం రూల్ ప్రకారం మామూలుగా బ్లూలో కనీసం 2 ఏళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది ఉండాలి, 19 ఏళ్లు నిండాలి. అవి కనీసాలే. నా లెక్క మీరు విన్నారుగా.

ఇంకోటి. బెల్టు ఉతికితే విద్య పోతుందని మా జియు జిట్సు వాళ్లలో ఒక నమ్మకం ఉంది. బెజవాడలో మే నెల, పొద్దున్నే ఆరింటికి క్లాసు, రెండు ఫ్యాన్లు. గీ, అంటే మా క్లాసు డ్రెస్సు, పిండితే సగం బకెట్ చెమట. ఏం చేయను, మంగళవారం ఉతికేశాను. ఎంత విద్య పోయిందో బుధవారం తెలిసింది, దానికి వస్తా.

సోమవారం మ్యాట్ మీదకి వెళ్లగానే అందరూ నన్ను కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూశారు. కానూరులో ఇంజనీరింగ్ చదివే వైట్ బెల్ట్ ఒకడున్నాడు, తొంభై కిలోలు. పోయిన వారం దాకా "రా అన్నా" అని నా హాఫ్ గార్డ్ (కింద ఉండి ఎదుటివాడి ఒక కాలు నా కాళ్ల మధ్య ఇరికించే పట్టు) మీద బస్తాలా పడేవాడు. ఇప్పుడు ఎదురుగా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పెళ్లిచూపుల్లో పిల్లాడిలా కూర్చున్నాడు. "ఏరా, మొదలెట్టవా?" అంటే "మీరే కానివ్వండి సార్" అన్నాడు. సార్! ఈ బెల్టులో నాకు కనిపించిన మొదటి లోపం ఇదే. అదే రోజు గుంటూరు నుంచి వచ్చిన ఒక బ్లూ బెల్ట్ పందెం కోడిలా మీదికొచ్చాడు. ఒకడు బెల్టుకి దణ్ణం పెట్టాడు, ఇంకొకడు బెల్టుతో కొట్లాడాడు. నాతో ఎవరూ ఆడలేదు.

తప్పంతా వాళ్లదే అనను. నేనూ భయపడ్డాను. ఆర్నెల్లుగా నేర్చుకుంటున్న, కాళ్లు మెలిపెట్టే లెగ్ లాకులన్నీ పక్కన పెట్టేసి, ఎదుటివాడి నడుము చుట్టూ కాళ్లు బిగించే క్లోజ్డ్ గార్డ్‌లో పట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా గార్డ్ దాటితే పరువు పోతుందని. పోటీల్లో వైట్ బెల్ట్‌కి 5 నిమిషాల మ్యాచ్ అయితే బ్లాక్ బెల్ట్‌కి 10. ఆ పది నిమిషాలూ ఏమీ చేయకుండా గడపడం ఎలాగో ప్రాక్టీస్ చేసినట్టుంది నా సోమ, మంగళవారాలు.

బుధవారం. నాలుగేళ్లుగా మాతో చేస్తున్న పర్పుల్ బెల్ట్ అమ్మాయి, నాకంటే పాతిక కిలోలు తక్కువ. విసుగొచ్చి గార్డ్ తెరిచి, కింద నుంచి తిప్పేసి పైకొచ్చే స్వీప్‌కి వెళ్లాను. నా చెయ్యి కాస్త ఎక్కువ చాచాను, అంతే, వీపెక్కేసింది. ఒక చేత్తో నా కాలర్, ఇంకో చేత్తో నా ప్యాంటు మోకాలి దగ్గర. విల్లు ఎక్కుపెట్టినట్టు లాగింది. కాలర్‌తో మెడ బిగించే దాన్ని బో అండ్ యారో చోక్ అంటారు. చెయ్యి పెట్టి ఆపొచ్చు, ముందే పెట్టి ఉంటే. ఓడిపోయానని చేత్తో తట్టి ట్యాప్ చేశాను, రెండుసార్లు, గట్టిగా.

అందరూ ఆగిపోయారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు. ఆ అమ్మాయి కాలర్ వదిలి, నా నడుము వైపు చూసింది.

"బెల్టు ఉతికావా అన్నా?"

మూడు రోజుల్లో ఆ గదిలో మొదటిసారి అందరూ నవ్వారు. తర్వాతి రౌండ్‌లో ఆ తొంభై కిలోల కుర్రాడు నా పొట్ట మీద మోకాలు మోపి, "ఊపిరి ఆడుతోందా అన్నా?" అని అడిగాడు. ఆడట్లేదు. ముడి మళ్లీ ఊడింది.