మొదటి పాటగా ఏది పట్టుకోవాలి

అందరికీ నమస్కారమండి. గిటార్లు పట్టుకొచ్చిన పిల్లలకి, వాళ్ళని దింపడానికొచ్చి ఇక్కడే కూర్చుండిపోయిన అమ్మానాన్నలకి కూడా. ఒక్క విషయమే మాట్లాడతాను, మొదటి పాటగా ఏది పట్టుకోవాలి అని. గిటార్ మానేసినోళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళలో ఎక్కువమందికి వేళ్ళు తిరక్క కాదు, మొదటి పాటే మోయలేనిది ఎత్తుకున్నారు.

నేనూ అంతే. డిగ్రీలో గిటార్ కొన్నప్పుడు కాలేజీలో అందరి నోట్లో నలుగుతున్న పాట ఒకటి తీసుకున్నాను, రెండో లైన్లోనే ఎఫ్ కార్డ్. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. ఎఫ్ అంటే ఏటంటే చూపుడువేలు ఒక్కటీ మొదటి ఫ్రెట్ మీద, అంటే గిటార్ మెడ మీద అడ్డకమ్మీల మధ్యుండే మొదటి గడిలో, ఆరు తీగల్నీ అడ్డంగా నొక్కిపట్టాలి, మిగతా మూడు వేళ్ళూ వాటి చోట్లకి వెళ్ళాలి, నెల రోజులు చేసినా తీగ మోగలేదు, గిటార్ అటకెక్కింది. చాన్నాళ్ళకి మళ్ళీ దింపింది మా అమ్మ వంటింట్లో పాడుకునే పాట కోసం. దానికి ఈ మైనర్ (E minor), డి, రెండే కార్డులు. ఆ సాయంత్రమే వచ్చేసింది, అమ్మ పాడింది నేను వాయించాను.

సులువుతో మొదలెట్టడం మన విజయనగరంలో కొత్త మాటేం కాదండి. మన సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. వయొలిన్ కూడా గిటార్‌లాగే బయట్నుంచి వచ్చిందే కదా. మన సంగీతంలో ఎంత గొప్ప గొంతైనా ముందు సరళీ వరసలే, తర్వాత జంట వరసలు, అలంకారాలు, అవన్నీ అయ్యాకే గీతం. మొదటిరోజే పెద్ద కీర్తన ఎత్తుకోమని ఏ గురువూ చెప్పడు. మరి గిటార్ పట్టుకోగానే మనకెందుకంత తొందర?

పాట ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది అది మీ నోటికి ముందే వచ్చా లేదా అని. స్నానం చేస్తూ పాడుకునే పాటైతే కార్డ్ ఎక్కడ మారాలో చెవే చెప్పేస్తుంది, కాగితం చూడక్కర్లేదు. తర్వాత కార్డులు లెక్కపెట్టండి, రెండైతే మంచిది, మూడైతే సరే, నాలుగు దాటితే ఇంకో నెలాగండి. ఈ మైనర్, ఏ మైనర్, జి, సి, డి, ఈ ఐదింటితో బోల్డన్ని పాటలు నడుస్తాయి, ఈ మైనర్‌కైతే రెండు వేళ్ళు చాలు. కార్డుల కంటే ముఖ్యం అవి ఎంత తొందరగా మారుతున్నాయనేది. ఒక్కో కార్డ్ మీద నాలుగు దెబ్బలైనా, అంటే తీగల్ని నాలుగుసార్లు మీటేంతసేపైనా, నిలబడే పాట కావాలి, మాట మాటకీ మారిపోయేది మూడు కార్డులున్నా కష్టమే.

గమకాలు దట్టంగా ఉన్న పాటలు వినడానికి ప్రాణంలా ఉంటాయి, కానీ రాగం జారేచోట కార్డ్ నిలబడదు, మొదట్లో వాటి జోలికెళ్ళొద్దు. డప్పు వాయిస్తూ ఆడే మన తప్పెటగుళ్ళు చూసి పెరిగినోళ్ళకి తాళం ఒంట్లోనే ఉంటుంది, అది వాడుకోండి. తకధిమి నడకైతే నాలుగు కిందకి దెబ్బలు, తకిట నడకైతే మూడు, పైకీ కిందకీ స్ట్రమ్మింగ్ తర్వాత చూసుకోవచ్చు. సినిమా పాటైతే మధ్యలో వచ్చే మ్యూజిక్ వదిలేసి పల్లవి, ఒక్క చరణం వాయించండి, అది పూర్తి పాటే.

గొంతుకి శృతి అందకపోతే కార్డులు మార్చకండి, కాపో పెట్టండి, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు. ఒక్కో ఫ్రెట్ పైకి జరిపితే అర స్వరం పెరుగుతుంది, వేళ్ళు మాత్రం అవే జి, సి, డి. ఆడపిల్లలకి మగగొంతు పాటలు ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఇక్కడే, చాలామంది అది తమ గొంతులో లోపమనుకుంటారు, కాదమ్మా, శృతి మార్చుకోవాలంతే.

వేళ్ళు నొప్పెడతాయి, ఉక్కు తీగలు కదా. ఒకేసారి గంట కూర్చోకుండా పొద్దున పావుగంట సాయంత్రం పావుగంట చెయ్యండి, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. పిల్లలు చిన్నవాళ్ళైతే నైలాన్ తీగల గిటారే కొనండి. తీగలు ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తులో ఉంటే మాత్రం తప్పు మీ వేళ్ళది కాదు, షాపుకి తీసుకెళ్ళి కిందకి దింపించండి.

సరే, గిటార్లున్నోళ్ళు ముందుకి రండి. పైనుంచి రెండోదైన ఏ (A) తీగ, మూడోదైన డి తీగ, రెండూ రెండో ఫ్రెట్‌లో నొక్కండి, మిగతావి నొక్కకుండా వదిలెయ్యండి. ఆ, అదే ఈ మైనర్. ఇప్పుడు మెల్లగా నాలుగు దెబ్బలు.