రేలంగి ఉత్తరకుమారుడు

శ్రోతలకు నమస్కారమండీ. ఉన్న టైము తక్కువ. అందుకని హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య గారి జీవితం గబగబా చెప్పేసి అసలు సంగతికి వస్తాను.

1910లో తూర్పు గోదావరి జిల్లా రావులపాడులో పుట్టారు. తండ్రి గారు హరికథలు చెప్పేవారు, సంగీతం నేర్పేవారు. రేలంగి మొదట నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. 1935లో దర్శకుడు సి. పుల్లయ్య గారి శ్రీకృష్ణ తులాభారంతో సినిమాల్లోకి వచ్చారు. ఆ తరువాత చాలా ఏళ్ళు చిన్నాచితకా వేషాలు, పుల్లయ్య గారి దగ్గర తెరవెనక పనులు. 1949లో గుణసుందరి కథ, కీలుగుర్రం వచ్చాక ఇక తీరిక లేదు. మిస్సమ్మలో తాను వేసిన దేవయ్య పాత్ర పాటలు సొంత గొంతుతోనే పాడారు. 1970లో పద్మశ్రీ. తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టుకున్నారు, 1975లో ఆ ఊళ్ళోనే పోయారు.

ఇక ఉత్తరకుమారుడు. 1963లో వచ్చిన నర్తనశాలలో ఆ వేషం రేలంగి గారిదే. మన డెల్టా ఊళ్ళల్లో సంక్రాంతికో, శివరాత్రికో ఈ ఘట్టం వేద్దామనుకునే కుర్రాళ్ళు ముందు ఆయన్ని చూడాలి.

కథ తెలిసిందే. కౌరవులు విరాటరాజు ఆవుల్ని తోలుకుపోతుంటే, అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య ఆ రాజు కొడుకు ఉత్తరుడు, "సారథి లేడు గానీ, ఉంటేనా..." అంటాడు. మనవాళ్ళు సాధారణంగా ఇక్కడే చెడగొడతారు. ఆ మాట అంటూ అంటూనే కాళ్ళు వణికిస్తారు, జనానికి కన్ను కొడతారు. వణుకు మొదట్లోనే వాడేస్తే యుద్ధభూమిలో ఏం మిగులుతుందండీ? రేలంగి గారి ఉత్తరుడు ధైర్యవంతుడు. నిజంగా ధైర్యవంతుడు, సైన్యం కనబడేదాకా! తన ప్రగల్భాన్ని తానే నమ్ముతాడు. చెల్లెలు ఉత్తర బొమ్మపొత్తికలకు కౌరవుల పట్టుబట్టలు తెమ్మంటే, తెచ్చేసినట్టే తల ఊపాలి.

రెండో సంగతి నవ్వు. నాటకంలో జనం నవ్వుతుంటే నటుడు ఆగుతాడు. నవ్వు పెరిగి, పెరిగి, తగ్గడం మొదలయ్యాక తరువాతి మాట అందుకోవాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగితే ఊపు పోతుంది. ముందే అందుకుంటే మాట మునిగిపోతుంది. మరి సినిమా షూటింగులో జనం ఉండరు కదా, ఎక్కడ ఆగాలి? రేలంగి గారు ఆ ఖాళీలో మాట పెట్టరు. గుటక వేస్తారు, పక్కకి చూస్తారు, ఒక అక్షరం నత్తిగా లాగుతారు. హాల్లో నవ్వు వాటి మీద పడుతుంది, తరువాతి మాట భద్రంగా ఉంటుంది. ఇది హరికథ వేదిక మీద అబ్బే విద్యే అని నా నమ్మకం.

ఇక పరుగు. సారథిగా వచ్చిన బృహన్నల, అంటే మారువేషంలో ఉన్న అర్జునుడు, రథాన్ని కౌరవ సైన్యం ముందుకు తోలగానే ఉత్తరుడు దూకి పారిపోతాడు. రథమంటే మన స్టేజీ మీద బల్లకి కట్టిన అట్టచక్రాలే. దూకేటప్పుడు పంచె కాలికి తగులుకుంటుంది, కాబట్టి గోచీ బిగించి కట్టాలి. వ్యాసభారతంలో అర్జునుడు నూరడుగులు పరిగెత్తి వాడి జుట్టు పట్టుకుంటాడు. స్టేజీ మీద మూడు చుట్లు చాలు. పరిగెడుతూ డైలాగు వద్దు, మైకుకి అందదు. దొరికిపోయాక మైకు ఎదుట నిలబడి బేరం మొదలెట్టాలి. ఆ బేరం వ్యాసుడిదే: నూరు మేలిమి బంగారు నిష్కాలు, అంటే నాణాలు, ఇస్తాను, వదులు. బృహన్నల మొహం చూడాలి. పట్టు వదల్లేదు. ఎనిమిది వైడూర్యాలు. మళ్ళీ మొహం చూడాలి. గుర్రాలు కట్టిన రథం. చూడాలి. పది మదపుటేనుగులు! గడగడా ఒక్క ఊపిరిలో అప్పజెప్పేస్తే ఇది పాఠమైపోతుంది. ధర పెరిగేకొద్దీ గొంతు తగ్గాలి, ఏనుగుల దగ్గరికి వచ్చేసరికి పీలగా అయిపోవాలి.

బృహన్నల వేషధారికి ఒక్క మాట. ఏనుగుల దగ్గర మీకు నవ్వొస్తే మొహం వెనక్కి తిప్పుకోండి, జనానికి జడ కనిపిస్తుంది. ఆ జడ సవరాన్ని మాత్రం పిన్నులు పెట్టి, పైన దారంతో కూడా బిగించండి. పరుగులో ఊడి కింద పడిందో, ఆ పూట నవ్వంతా దానిదే, ఉత్తరుడికి ఏమీ మిగలదు.

ఉంటానండీ, నమస్కారం.