కథ పంపాక ఎన్నాళ్లు ఆగాలి?

హోస్ట్: అక్కా, కథ రాయడానికి టైమ్ లేదని అందరూ అంటారు. మీరేమో పత్రికలకి పంపడానికే లేదంటారు!

రచయిత్రి: నిజమేనమ్మా. పది రోజుల్లో కథ అయిపోయేది, ఎక్కడికి పంపాలో తేల్చుకోడానికి నెల పట్టేది. ఆఫీసు నుంచొచ్చి ఫోన్‌లో వెతుక్కుంటూ కూచునేదాన్ని. తీరా పోటీ ప్రకటన కనబడితే గడువు నిన్నటితో సరి!

హోస్ట్: మరిప్పుడు?

రచయిత్రి: ఆదివారం పొద్దున్న ఒక గంట. ఆ గంటలో రాయను, పంపే పనే. పాత డైరీలో కథ పేరు, ఎన్ని పదాలు, ఎవరికి పంపాను, ఏ తేదీన... అంతే. ఎక్సెల్ అవీ నావల్ల కాదు.

హోస్ట్: పత్రికలూ తగ్గిపోయాయి కదా.

రచయిత్రి: అవును. 1978 నుంచి వచ్చిన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. ఆదివారం అనుబంధాల్లో ఉండేది రెండు మూడు పేజీల చోటు. నేనేమో చేంతాడంత కథ పంపి గుమ్మం వైపు చూసేదాన్ని! ఇప్పుడు ముందు పొడవు చూసుకుంటా. పెద్దదైతే ఈమాట, సారంగ లాంటి వెబ్ పత్రికల వైపు వెళ్తా. సగం వెతుకులాట అక్కడే తగ్గిపోయింది.

హోస్ట్: రెండు చోట్లకీ ఒకేసారి పంపేస్తే?

రచయిత్రి: అయ్యో, వద్దు. కథతో పాటు పంపే హామీపత్రంలో ఏం రాసిస్తాం? స్వంత రచన, అనువాదం కాదు, ఎక్కడా అచ్చవలేదు, ఎక్కడా పరిశీలనలో లేదు అనే కదా. ఒకసారి ఓ వారపత్రిక ఏడాదిన్నరైనా ఉలకలేదు, పలకలేదు. విసిగి ఇంకో చోటికి పంపా. రెండూ ఒకే నెలలో వేసేశాయి! వెనక్కి తీసుకుంటున్నానని మొదటివాళ్లకి ఒక్క ముక్క రాయకపోవడం నా తప్పే. ఇద్దరికీ క్షమాపణ చెప్పుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

హోస్ట్: (నవ్వు) పండగ కథల సంగతో?

రచయిత్రి: భోగిమంట చూసి సంక్రాంతి కథ మొదలెడితే అది పై ఏడాదికే. ప్రత్యేక సంచిక అప్పటికే అచ్చయిపోయి ఉంటుంది. నేను వినాయక చవితికి మొదలుపెడతా. మా ఇంట్లో నవ్వుతారనుకో.

హోస్ట్: ప్రస్తుతం ఎన్ని పరిశీలనలో ఉన్నాయక్కా?

రచయిత్రి: నాలుగు. ఒకదానికి ఆరు నెలలు దాటాయి. ఈ ఆదివారం వాళ్లకి మెయిల్ రాయాలి. ఉండు, డైరీలో రాసుకోనీ.