యానాంలో కాపురం పెట్టవచ్చునా? నాలుగు రోజులు కాలినడకన తిరిగి చూసి చెబుతున్న మాట

నమస్కారం. హైదరాబాదులో మేముండే ఇంటికి కూరగాయల దుకాణం అర కిలోమీటరు దూరంలోనే ఉంది. అయినా గత ఆరేళ్లలో అక్కడికి నేను నడిచి వెళ్లిన సందర్భాలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మధ్యలో ఫ్లైఓవరు దిగే చోటు ఒకటి అడ్డం వస్తుంది, అక్కడ రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవలసిందే. నా ఉద్యోగం ఇంటి నుంచే జరుగుతుంది, మా ఆవిడ వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తోంది, పిల్లలు ఎవరి ఊళ్లలో వాళ్లు స్థిరపడ్డారు. అందువల్ల బండి తాళం ముట్టుకోకుండా రోజు గడిచే చిన్న ఊరి కోసం ఏడాదిగా వెతుకుతున్నాం. ఈ వీడియోలో యానాం గురించి చెబుతాను. ఆగస్టు నెలలో అక్కడ నాలుగు రోజులు గది తీసుకుని, కారును లాడ్జి ఆవరణలోనే వదిలేసి, ఊరంతా నడిచి చూశాం.

యానాం ఎక్కడుందో తెలియని వారి కోసం కొద్దిగా చెప్పి ముందుకు వెళతాను. కాకినాడ నుంచి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు వస్తే, గౌతమీ గోదావరి ఒడ్డున ఈ పట్టణం కనిపిస్తుంది. ఇక్కడి భాష తెలుగు, తిండి గోదావరి తిండి, పిన్‌కోడ్ కూడా చుట్టుపక్కల ఊళ్ల మాదిరిగా 533తోనే మొదలవుతుంది, పరిపాలన మాత్రం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానిది. పద్దెనిమిదో శతాబ్దంలో వ్యాపారం కోసం వచ్చిన ఫ్రెంచివారి ఏలుబడి, మధ్యలో బ్రిటిషువారి చేతుల్లోకి పోయి వస్తూ, 1954 వరకు సాగింది. ఆ ఏడాది జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు పాలనను చేజిక్కించుకున్నారు. నవంబరు 1న ఊరు భారతదేశం చేతికి వచ్చింది, చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉన్నది 55 వేల పైచిలుకు మంది. హైదరాబాదులో మా పేటలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారని నా అనుమానం.

ఇక నడక సంగతికి వస్తాను. ఊరిని అంచనా వేయడానికి నేనూ మా ఆవిడా పెట్టుకున్న కొలబద్ద చాలా చిన్నది. పాలు, కూరగాయలు, మందులు, బ్యాంకు, గుడి, సాయంత్రం కూర్చోవడానికి ఒక చోటు, ఇవన్నీ పదిహేను నిమిషాల నడకలో ఉండాలి, మధ్యాహ్నం ఎండలో కూడా ఆ నడక శిక్షలా అనిపించకూడదు. ఇప్పుడు తెర మీద మీరు చూస్తున్న వీధి పాత ఊరిలోనిది. ఇక్కడి వీధులు చాలావరకు నిటారుగా సాగి ఒకదానినొకటి సూటిగా ఖండించుకుంటాయి, కాబట్టి కొత్తవాడు కూడా దారి తప్పడు. పొద్దున్నే వాకిళ్లలో కళ్లాపి చల్లి ముగ్గులు పెడుతున్న వేళకు బయలుదేరి, మినప రొట్టె వేస్తున్న బండి దగ్గర ఆగి, బజారులో కూరలు కొనుక్కుని, 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి ముందు నుంచి నది ఒడ్డుకు చేరేసరికి, ఆగిన సమయం తీసివేస్తే, నేను నడిచింది ఇరవై రెండు నిమిషాలు. దారిలో ఒక్కసారి కూడా పరుగెత్తి రోడ్డు దాటవలసిన అవసరం రాలేదు. మా హైదరాబాదు వాళ్లకు ఇది చెప్పుకోదగ్గ విశేషం.

నది ఒడ్డు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊరికి మేము ఇచ్చిన మార్కుల్లో సగం అక్కడివే. నీళ్లలోకి దిగే మెట్లు, ఒడ్డు వెంట నడక దారి, కూర్చోవడానికి బెంచీలు, పెద్ద పెద్ద విగ్రహాలు ఉన్నాయి. విగ్రహాలు కాస్త ఎక్కువయ్యాయని నాకనిపించింది, అది నా రుచి మాత్రమే. సముద్రం ఎంతో దూరం లేదు కాబట్టి పోటు వచ్చినప్పుడు నీరు రెండు మూడు మెట్లు పైకి ఎక్కుతుంది, పాటు వేళకు తడి గీత వదిలి వెనక్కి పోతుంది. మేము వెళ్లిన నాటికి గోదావరికి ఎర్రనీరు, అంటే వానాకాలపు బురద వరదనీరు, వచ్చింది. ఇది పులస చేపల కాలం. రెండో రోజు పొద్దున ఘాట్ దగ్గర ఒక పులసకు వేలంపాట జరగడం చూశాం. ప్లాస్టిక్ ట్రేలో వెండిలా మెరుస్తున్న ఒకే ఒక చేప, చుట్టూ నడుముకు కొంగు బిగించిన ఏడెనిమిది మంది మత్స్యకార మహిళలు, పాట పాడేవాడు వందల్లో మొదలుపెట్టి రెండు నిమిషాల్లో వేలల్లోకి వెళ్లిపోయాడు. పాడుకున్న ఆవిడ అప్పటికే చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరికో ధర చెబుతోంది. "ఇది తినడానికి కొంటున్నారా, పిన్నిగారూ?" అని మా ఆవిడ అమాయకంగా అడిగితే, "మా తల్లే, మేం తింటే పిల్లల ఫీజులెవరు కడతారమ్మా" అని నవ్వేసింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత మీకందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ వివరించను.

అయితే అదే గోదావరి ఈ ఊరికి ఉన్న పెద్ద భయం కూడా. అద్దె ఇళ్లు చూడటానికి వెళ్లినప్పుడు, కొన్ని వీధుల్లో అరుగులు విడ్డూరంగా నాలుగైదడుగుల ఎత్తున ఉండటం గమనించి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఎలా ఎక్కుతారా అనుకున్నాను. ఒక ఇంటి యజమాని, ఎనభై ఏళ్ల పెద్దాయన, లోపలి గది గోడ మీద పెయింటు కింద లీలగా కనిపిస్తున్న మరకను చేత్తో చూపించి, "ఇక్కడిదాకా వచ్చిందండి, మంచం మీద మంచం వేసుకున్నామండి ఆయ్" అన్నారు. ఆయన చెబుతున్నది 2022 జూలై వరద సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది సుమారు 17 లక్షల క్యూసెక్కులకు. ఆ నెలలో ప్రవాహం 25 లక్షలు దాటింది, యానాంలో అనేక వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 1986 ఆగస్టులో అయితే 35 లక్షలు దాటిందట, అప్పటి కథలు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. పైనుంచి వచ్చే వరదకు కింద సముద్రపు పోటు తోడైతే నీరు త్వరగా తీయదు. తుపానుల దారి కూడా ఇదే, 1996 నవంబరు 6న తీరం దాటిన తుపాను ఈ ప్రాంతాన్ని ఎలా ఊడ్చిపెట్టిందో కోనసీమ వారికి చెప్పనక్కరలేదు. కాబట్టి ఇక్కడ ఇల్లు చూసేటప్పుడు గదులెన్ని, గాలి వస్తుందా అనే ప్రశ్నల కంటే ముందు, 2022లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని యజమానినీ, ఆయన లేనప్పుడు పక్కింటి వాళ్లనూ వేరువేరుగా అడగండి. మాకు రెండు ఇళ్ల దగ్గర ఆ రెండు జవాబులూ కలవలేదు.

రెండో ఇబ్బంది కాగితాలది. మీ వాహనానికి ఇక్కడి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పీవై 04 నంబరు వస్తుంది, శాసనసభకు ఓటు పుదుచ్చేరి సభకే వేస్తారు, కోర్టు వ్యవహారం పైకి వెళితే మద్రాసు హైకోర్టుకు చేరుతుంది. ఆ పుదుచ్చేరి ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. స్థానికంగా ప్రాంతీయ పరిపాలనాధికారి కార్యాలయం ఉంది కాబట్టి చిన్న పనులన్నీ ఊళ్లోనే తెమిలిపోతాయి. అయినా ఒక కౌంటరు దగ్గర చిరునామా మార్పు గురించి అడిగితే, తెలంగాణ ఆధార్ చూసి ఒకరు ఒక మాట, పక్క కుర్చీలోని వారు ఇంకొక మాట చెప్పి పంపించారు. ఆంధ్రప్రదేశ్ పింఛను, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య పథకం మీద ఆధారపడి బతికే వారు ఈ విషయం తేల్చుకోకుండా సామాను లారీ ఎక్కించకూడదని నా గట్టి అభిప్రాయం.

వైద్యం విషయంలో నేను ఊహించిన దానికంటే పరిస్థితి మెరుగ్గా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది, దానికి తోడు పుదుచ్చేరిలోని కేంద్ర ప్రభుత్వ వైద్య సంస్థ జిప్మర్ వారి బహుళ వైద్య విభాగాల కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. గుండె, మెదడు వంటి పెద్ద అవసరాలకు మాత్రం కాకినాడ వెళ్లక తప్పదు. రైలు కూడా కాకినాడలోనే ఎక్కాలి. బస్సుల కోసం మేము పది నిమిషాలకు మించి నిలబడలేదు. అటు కోనసీమ వైపు వెళ్లాలంటే, ఒకప్పుడు పంటు (నది దాటించే పెద్ద పడవ) కోసం రేవులో ఎదురుచూసిన చోట, 2002 నుంచి ఎదుర్లంక మీదుగా బాలయోగి వారధి ఉంది. పొద్దున ఆ వారధి మీద నడిచి వచ్చే స్థానికులు కొందరున్నారు, మేమూ ప్రయత్నించాం. దృశ్యం గొప్పది, కానీ పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా వంతెన అదురుతుంటే మా ఆవిడ సగంలోనే వెనక్కి తిరిగింది.

ఆ లారీల వల్లే నడక మార్కుల్లో కొన్ని కోసేశాను. 216వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. దానికి ఒకవైపు ఇల్లు, మరోవైపు బజారు ఉండే పరిస్థితి వస్తే, మా హైదరాబాదు బాధే మళ్లీ మొదలవుతుంది. ఇంకొక సంగతి సంకోచం లేకుండా చెబుతాను. పుదుచ్చేరి పన్నుల వల్ల ఇక్కడ పెట్రోలు చవక, మద్యం కూడా చవక. మొదటిది కోరుకుని వచ్చేవారితో ఎవరికీ పేచీ లేదు, రెండో దాని కోసం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారితో సాయంత్రం ఏడు దాటాక కొన్ని కూడళ్లు ఆడవాళ్లు నడవడానికి ఇష్టపడని చోట్లుగా మారిపోతాయి. ఇది నా మాట కాదు, మూడో రోజు సాయంత్రం దారి మార్చి నడిపించిన మా ఆవిడ మాట. వేసవి ఉక్కపోత, దోమలు ఎలాగూ తప్పవు, అవి తీరప్రాంతంలో పుట్టిన వాళ్లకు కొత్త కాదు.

ఇన్ని చెప్పి చివరికి ఏం నిర్ణయించుకున్నారని మీరు అడుగుతారు. పాత ఊరిలో, రహదారికి ఇవతల, నదికి తొమ్మిది నిమిషాల నడకలో ఒక పై అంతస్తు ఇల్లు చూసుకున్నాం. అద్దె మా హైదరాబాదు అద్దెలో మూడో వంతు కూడా లేదు. కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. వచ్చే జూన్‌లో దిగి, ఎర్రనీరు వచ్చి పోయేదాకా ఉండి చూస్తాం. మెట్లు పద్దెనిమిది ఉన్నాయని మా ఆవిడ లెక్కపెట్టింది. గోడ మీద మరక చూపించిన పెద్దాయన ఇల్లు అదే వీధిలో కింది అంతస్తు, వరద వస్తే ఆయన మంచాలు మా వసారాలోకి ఎక్కించుకోవచ్చని ముందే చెప్పి వచ్చాం.