ఏటిగట్టు మీద కొత్త హైబ్రిడ్ సైకిల్: సస్పెన్షన్ లేకపోతే నడుస్తుందా?

అందరికీ నమస్కారం అండి. ఇప్పుడు నేను ధవళేశ్వరంలో, గోదావరి బ్యారేజీ దగ్గరున్నాను. "గట్టు మీద తొక్కాలంటే ముందు చక్రానికి సస్పెన్షన్, అంటే కుదుపుల్ని మింగే స్ప్రింగు, ఉండాల్సిందేనా?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే సస్పెన్షన్ లేని హైబ్రిడ్‌నే, అంటే తారు రోడ్డుకీ గతుకు దారికీ రెండింటికీ చేసిన సైకిల్‌నే, తెచ్చాను. అల్లాయ్ ఫ్రేము, 700×40 టైర్లు (అంటే 40 మిల్లీమీటర్ల వెడల్పు), వైరుతో లాగే డిస్క్ బ్రేకులు, ముందు పెడళ్ల దగ్గర ఒకటే చెయిన్‌రింగు (పళ్ల చక్రం), వెనక 8 గేర్లు. కంపెనీ పేరు పక్కన పెడదాం, ఈ రకం సైకిళ్లు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు.

ముందు బ్యారేజీ దాటదాం. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో వచ్చిందే ఇది. నాలుగు భాగాలకీ కలిపి 175 గేట్లు, ఒక్క ధవళేశ్వరం వైపే 70. శ్లాబు జాయింట్లు వచ్చినప్పుడల్లా హ్యాండిల్‌కి దెబ్బ తెలుస్తోంది, చూశారా? టైర్లలో గాలి ఒత్తిడి 60 పీఎస్ఐ ఉంది మరి. తారు రోడ్డు మీద దీనికి వంక పెట్టక్కర్లేదు, చక్కగా సాగిపోతోంది.

బొబ్బర్లంక వచ్చేశాం. ఇక్కడ గట్టెక్కేముందు గాలి 40కి తగ్గిస్తున్నాను. నా బరువు 70 కిలోలు, మీది ఎక్కువైతే ఇంత తగ్గించకండి, గుంతలో పడితే ట్యూబు రిమ్ముకి నలిగి పోతుంది. ఇదిగో, గ్రావెల్ మొదలైంది. తేడా వినండి! ఇందాకటి గడగడ లేదు. రాయి తగిలితే టైరే నొక్కుకుని లేస్తోంది, మణికట్టు దాకా రానివ్వట్లేదు. తక్కువ ధర సైకిళ్లకి పెట్టే స్ప్రింగు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కాడలు) బరువు పెంచుతుందే గాని ఇంత పని చెయ్యదండి. గట్టుకి కావాల్సింది వెడల్పు టైరూ, సరిపడా గాలీ. ఈ మాట నేను గట్టిగా చెప్తాను.

ఇప్పుడు లంకలోకి దిగే ర్యాంపు. వెనక బ్రేకు ముందు పట్టి, ముందుది మెల్లగా... బాగానే ఆగింది. దుమ్ము పడ్డాక కుయ్‌మంటోంది, ప్యాడ్లు తుడిస్తే పోతుంది. కింద మాత్రం మెత్తటి ఇసుక. ఇక్కడ 40 టైరు చాలదు, కూరుకుపోయింది, దిగి నడిపించాల్సిందే. తిరిగి ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక 34 పళ్ల చక్రం ఆదుకుంది, కూర్చునే ఎక్కేశాను.

దగ్గరగా చూడండి, టైరుకి పల్లేరు కాయ! లాగకముందే చెవి పెట్టండి, బుస్సుమంటే పంక్చరే. ఇవాళ పైపైనే ఉంది. గట్టు మీదకి వస్తే స్పేర్ ట్యూబు, పంపు లేకుండా రావద్దండి.

దీనికి మడ్‌గార్డులు, స్టాండు విడిగా కొనాలి. అది నాకు నచ్చలేదు. చినుకు పడితే బురదంతా వీపు మీదే. సస్పెన్షన్‌కి పెట్టే డబ్బు వీటికి పెట్టండి.

ఇంకో మాట. వరదల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ రోజుల్లో సైకిళ్లేసుకుని గట్టెక్కకండి, దయచేసి. ఇసుక బస్తాలు మోసేవాళ్లకి ఆ దారి కావాలి.

వచ్చే వీడియోలో ఇదే సైకిల్ మీద లొల్ల లాకుల దాకా వెళ్దాం. మీ బరువు, టైరు సైజు కామెంట్లో రాయండి, గాలి ఎంత పెట్టాలో చెప్తాను. ఉంటానండి.