2,30,000 కిలోమీటర్ల డీజిల్ డిజైర్: బాగు చేయించాలా, మార్చేయాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం ఎపిసోడ్‌కు గుంటూరు నుంచి ఒక శ్రోత పంపిన ఉత్తరమే కారణం. ఆయనది 2013 మారుతి డీజిల్ డిజైర్ కారు. మీటరు 2,30,000 దాటింది. సర్వీసుకు ఇస్తే 85,000 రూపాయల అంచనా కాగితం చేతిలో పెట్టారట. క్లచ్ సెట్టు, ముందు సస్పెన్షన్, టైమింగ్ చైను, రెండు ఇంజెక్టర్లు, నాలుగు టైర్లు. "అమ్మితే రెండు లక్షలు వస్తే గొప్ప. దానికి ఇంత పెట్టాలా? ఇంట్లో అందరూ చారాణా కోడికి బారాణా మసాలా అంటున్నారు" అని రాశారు. జవాబు చెప్పడానికి విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి షెడ్డు నడుపుతున్న బాబాయ్ వచ్చారు. మా నాన్న కారు ఎప్పుడు మొరాయించినా ఈయన దగ్గరికే వెళ్లేది, అందుకే నాకు బాబాయ్ అయ్యారు. పేరు మాత్రం చెప్పవద్దన్నారు.

బాబాయ్: చెబితే రేపటి నుంచి అందరూ ఫోనులోనే రోగం చెప్పి మందు అడుగుతారమ్మా.

వ్యాఖ్యాత: సరే, ఈ ఒక్కరికి చెప్పండి. చారాణా కోడేనా?

బాబాయ్: చారాణా అన్నది ఆయన కోడిని అమ్మితే వచ్చే ధర. మళ్లీ కొనుక్కోవాలంటే ఎంతవుతుందో ఇంట్లో ఎవరైనా లెక్క వేశారా? రెండు లక్షలకు ఈ బండిని అమ్మేసి అదే రెండు లక్షలతో బజారుకు వెళితే ఏమి వస్తుంది? ఇలాంటిదే ఇంకొకరి బండి. దాని క్లచ్ ఎప్పుడు మార్చారో తెలియదు, మీటరు తిప్పేశారో లేదో తెలియదు. అది కొన్న నెలకే మరో అంచనా కాగితం చేతికి వస్తుంది. రిపేరు ఖర్చును బండి ధరతో పోల్చడం దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. పోల్చాల్సింది ఈ బండి పోతే బదులు వచ్చే బండికి పెట్టే ఖర్చుతో.

వ్యాఖ్యాత: కొత్తదే కొంటాననుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు కూడా పోయింది కదా?

బాబాయ్: తగ్గింది, మంచిదే. అయినా అన్నీ కలుపుకొని రోడ్డెక్కేసరికి తొమ్మిది లక్షలనుకో. రెండు లక్షలు చేతి నుంచి పెట్టి ఏడు లక్షలు అప్పు తీసుకుంటే, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ల పాటు నెలకు 14,700 కిస్తీ. ఆయన అంచనా కాగితం మొత్తం ఆరు కిస్తీల కంటే తక్కువ! ఐదేళ్లలో కట్టే వడ్డీయే 1,80,000 దాటుతుంది. విలువ సంగతి బీమా వాళ్ల పట్టికలోనే ఉంది: ఏడాది నిండగానే 20 శాతం కోత, నాలుగేళ్లు దాటాక 50 శాతం. పాత బండి విలువ పడిపోవాల్సినంతా ఎప్పుడో పడిపోయింది. ఇక అది పడేది కొంచెమే.

వ్యాఖ్యాత: అయితే కళ్లు మూసుకుని 85,000 పెట్టేయమంటారా?

బాబాయ్: అయ్యో, అలా అనలేదు. ముందు ఆ కాగితాన్ని విడదీద్దాం. టైర్లు రిపేరు కాదమ్మా, కొత్త కారుకైనా అరిగేవే. క్లచ్ కూడా అంతే, 2,30,000 వచ్చిందంటే ఆయన కాలు మంచిదని అర్థం. సస్పెన్షన్ అని ఒక్క మాటలో రాశారు. రబ్బరు బుష్‌లా, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మా, షాక్ అబ్జార్బర్లా? ఒక్కోదానికీ ధర వేరు. విడివిడిగా రాయమని అడగాలి. అరిగిన బుష్ చూపించమంటే చూపిస్తారు. రబ్బరు చిట్లి ఉంటుంది, రాడ్డు పెట్టి కదిపితే వదులుగా ఊగడం కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: ఇంజెక్టర్లు?

బాబాయ్: ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి అవే. ఖరీదైన సంగతి, అందుకే ఊరికే మార్చకూడదు. నాలుగు ఇంజెక్టర్లకూ రిటర్న్ పైపులు ఉంటాయి. వాటికి నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజన్ నడిపిస్తాం. వాడకుండా వెనక్కి వచ్చే డీజిల్ సీసాల్లో చేరుతుంది. నాలుగూ ఒకే మట్టానికి వస్తే మంచిది. మూడు అడుగున ఉండి ఒకటి గబగబా నిండుతుంటే దొంగ అదే. ఐదు నిమిషాల పని. ఆయన బండికి ఈ పరీక్ష చేశారా, లేక వయసు చూసి రాసేశారా? అడగమను. రెండు అని రాసిన చోట ఒకటే కావచ్చు, మూడూ కావచ్చు.

వ్యాఖ్యాత: టైమింగ్ చైను మాత్రం వాయిదా వేయకూడదని విన్నాను.

బాబాయ్: అది నిజం. ఇంజన్ లోపల వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే గొలుసు అది. ఆ 1.3 లీటర్ల ఇంజన్ ఫియట్ వాళ్లది. స్విఫ్ట్, డిజైర్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, ఇలా ఎన్నో బండ్లలో అదే ఉండేది. బెల్టు కాదు, చైను. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే గొలుసు గలగలలాడిన చప్పుడు రెండు మూడు సెకన్లు వచ్చి ఆగిపోతే చైను సాగడం మొదలైనట్టు. ఆగకుండా వస్తుంటే ఇక ఆలస్యం చేయకూడదు. పళ్లు జారితే వాల్వులు వెళ్లి పిస్టన్‌కు తగులుతాయి. అప్పుడు అది 85,000తో పోయే సంగతి కాదు.

వ్యాఖ్యాత: ఇంతకీ ఇవన్నీ చేయించదగ్గ బండేనా కాదా అన్నది ఎలా తెలుస్తుంది?

బాబాయ్: రెండు చోట్ల చూడాలి. మొదటిది ఇంజన్ లోపల. ఇంజన్ బాగా వేడెక్కాక, ఆడుతుండగానే, ఆయిల్ పోసే మూత విప్పి బోర్లించి అక్కడే పెట్టమను. కొంచెం కదిలితే ఏమీ కాదు. మూత ఎగిరి పక్కన పడి, రంధ్రంలోంచి పొగ బుసబుసమని వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి గాలి కిందికి దిగుతోందన్నమాట. ఇది తొలి అనుమానమే, సిలిండర్లలో ఒత్తిడిని కంప్రెషన్ గేజీ పెట్టి కొలిచాకే మాట చెప్పాలి. తర్వాత ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బా చూడాలి. అందులో బుడగలు వస్తున్నా, నూనె తెట్టు కట్టినా ఇంజన్ పై భాగానికీ సిలిండర్లకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనని అనుమానించాలి. ఒక సర్వీసుకూ మరో సర్వీసుకూ మధ్య ఆయిల్ ఎంత పోయాల్సి వస్తోందో ఆయనకే తెలుసు. ఇవన్నీ బాగుంటే ఆ ఇంజన్‌కు 2,30,000 పెద్ద లెక్క కాదు.

వ్యాఖ్యాత: బోరుకు వచ్చిందని, అంటే సిలిండర్లు అరిగి ఇంజన్ విప్పాల్సి వస్తుందని తేలితే?

బాబాయ్: అప్పుడు నేను వద్దనే చెబుతాను. 2013 బండికి ఇంజన్ దించి బోరు చేయించడం నా షెడ్డుకు మంచి బేరమేగానీ ఆయనకు కాదు. ట్యాక్సీ తిప్పేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు బండే కూడు పెడుతుంది. వాళ్లు కూడా బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల ఆదాయాన్ని ఖర్చులో కలుపుకోవాలి. ఇంట్లో వాడుకునే బండికి ఇంజన్ పని నేను చేయించను.

వ్యాఖ్యాత: రెండో చోటు?

బాబాయ్: తుప్పు. అసలు తీర్పు అక్కడే వస్తుందమ్మా, ఎవరూ చూడరు. ఇంజన్ విప్పి బిగించవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు, బాడీని మార్చలేం. బండిని పైకి ఎత్తించి జాకీ పెట్టే చోటు చూడాలి. స్క్రూడ్రైవరు వెనక పిడితో తట్టితే ఠంగున మోగాలి. మొద్దుగా వినిపిస్తే మొనతో గట్టిగా పొడవాలి. రంగు కింద పొలుసులు రాలి మొన లోపలికి దిగిందంటే ఇనుము అక్కడ లేదు, పెయింటే ఉంది. తలుపుల కింది అంచులు, లోపల కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూస్తే అడుగు రేకు, వెనక సస్పెన్షన్ బాడీకి తగిలే చోటు. ఈ నాలుగూ చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం బండ్లకు సముద్రపు గాలికి ఇది తొందరగా వస్తుంది. వరద నీళ్లలో మునిగిన బండి అయితే ఇక చెప్పనే అక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఊళ్లో ఎన్ని కార్లు మునిగాయో నువ్వూ చూశావు. వాటిని కడిగి, సీట్లు మార్చి, మెరిపించి అమ్ముతారు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూస్తే, చివరి భాగంలో బురద చార దొరుకుతుంది.

వ్యాఖ్యాత: పైకి రంగు వేయించి టింకరింగ్ చేయిస్తే సరిపోదా?

బాబాయ్: తలుపుకు, ఫెండరుకు సరిపోతుంది. బరువు మోసే చోట ముక్క అతికి పుట్టీ పూస్తే, అది గుద్దుకున్న రోజున తెలుస్తుంది. అక్కడ తుప్పు పట్టిందంటే మిగతా అంచనా కాగితం చదవక్కర్లేదు, టైర్లు కూడా కొనవద్దు.

వ్యాఖ్యాత: గుద్దుకోవడం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. భద్రత మాటేమిటి?

బాబాయ్: అడగాల్సిందే. బండి బాగున్నా మార్చేయడానికి నేను ఒప్పుకొనే గట్టి కారణం అదొక్కటే. డ్రైవరు ఎయిర్‌బ్యాగు అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2019 జూలైలో. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అదే ఏడాది ఏప్రిల్లో. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు అయితే 2021లోనే. 2013లో కింది మోడళ్లకు ఇవేవీ ఇచ్చేవారు కాదు. ఏ మెకానిక్కూ వాటిని తర్వాత సరిగా బిగించలేడు. ఆయన ఊళ్లో ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడైతే ఒక లెక్క. ప్రతి శనివారం పిల్లల్ని ఎక్కించుకుని జాతీయ రహదారి మీద హైదరాబాద్ వెళ్లేవాడైతే, ఇంజన్ ఎంత బాగున్నా, నా సొంత తమ్ముడైనా మార్చమనే చెబుతాను. అప్పు చేసైనా సరే.

వ్యాఖ్యాత: ఉత్తరంలో ఆ సంగతి రాశారు. రోజూ ఊళ్లోనే, నెలకోసారి విజయవాడ.

బాబాయ్: అయితే ఉంచుకోవచ్చు. బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు పొగ గొట్టంలో మసి వడపోసే ఫిల్టరు పెట్టారు. ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిరిగితే అది వేడెక్కదు, మసి కాలదు, మూసుకుపోతుంది. ఆయన కొత్త డీజిల్ కొంటే కొత్త తలనొప్పి కొన్నట్టే. పైగా మారుతి వాళ్లు 2020 ఏప్రిల్ నుంచి డీజిలే మానేశారు. మార్చినా పెట్రోలు, లేదా సీఎన్‌జీ.

వ్యాఖ్యాత: మానేశారంటే విడిభాగాలు దొరుకుతాయా?

బాబాయ్: ఇన్ని లక్షల బండ్లు తిరుగుతున్నాయి కదా, దీనికి భయం లేదు. కంపెనీయే అమ్మకాలు ఆపేసిన బండ్లకు ఆలోచించాలి. షెవ్రోలె 2017 చివర్లో ఆపింది. మామూలు సామాను దొరికినా, ఒక సెన్సరు కోసమో హెడ్‌లైటు కోసమో రెండు వారాలు బండి షెడ్డులో పడి ఉండటం చూశాను.

వ్యాఖ్యాత: పదేళ్లు దాటిన డీజిల్ బండి నడపకూడదని బంధువులు భయపెడుతున్నారట.

బాబాయ్: అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం గొడవ. మనకు పదిహేనేళ్లు. 2013 బండి కాబట్టి 2028 వరకు రిజిస్ట్రేషన్ ఉంటుంది. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి సరే అంటే ఐదేళ్లు పొడిగిస్తారు. కారుకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇరవై ఏళ్లు దాటితే 10,000 చేశారు. కాబట్టి ఇప్పుడు పెట్టే డబ్బును 2028 వరకు పంచి చూసుకోవాలి. ఆ తర్వాత తుక్కుకు ఇచ్చేట్టయితే, గుర్తింపు ఉన్న కేంద్రంలోనే ఇచ్చి ధ్రువపత్రం తీసుకోవాలి. దానితో కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, సొంత కారు పన్నులో రాష్ట్రాలు 25 శాతం వరకు తగ్గించవచ్చని కేంద్రం నిబంధన పెట్టింది.

వ్యాఖ్యాత: సరే, తుప్పు లేదు, ఇంజన్ బాగుంది అనుకుందాం. డబ్బు ఒక్కసారే పెట్టాలా?

బాబాయ్: అక్కరలేదు. టైర్లు, సస్పెన్షన్, చైను ముందు. బ్రేకులు కాగితంలో లేవు, విచిత్రంగా ఉంది, అవి కూడా విప్పి చూడమను. క్లచ్ జారుతోందా లేదా అన్నది ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే మార్చాలి, లేదంటే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. ఇంజెక్టర్లు సీసాల పరీక్ష అయ్యాకే. అంతేకాదు, కొత్త కారు కొని ఉంటే కట్టే కిస్తీలో మూడో వంతు, నెలకు 5,000, విడిగా బ్యాంకులో వేసుకోమను. పాత బండి అడుగుతూనే ఉంటుంది, అడిగినప్పుడు తడుముకోకూడదు.

వ్యాఖ్యాత: చివరి ప్రశ్న. అన్నీ చూశాక బండి పనికిరాదనే తేలితే, ఉన్నదున్నట్టుగా అమ్మవచ్చా, బాగు చేయించి అమ్మాలా?

బాబాయ్: ఉన్నదున్నట్టే అమ్మాలి. 85,000 పెట్టినంత మాత్రాన బేరగాడు 85,000 ఎక్కువ ఇవ్వడు. రోగం దాచవద్దు, కాగితం చూపించే ధర చెప్పాలి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి చేతులు దులుపుకోవడం మాత్రం కుదరదు. ఆర్‌సీలో పేరు మారేదాకా ఆ బండికి యజమాని ఆయనే. ఎవరినైనా గుద్దితే పరిహారం నోటీసు ఆయన ఇంటికే వస్తుంది, సుప్రీంకోర్టు 2018లో అదే చెప్పింది. కొన్నవాడితో కలిసి పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాలి, ఆ రసీదు తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో కొత్త పేరు కనిపించేదాకా వారం వారం చూసుకోవాలి. బీమా కూడా అవతలివాళ్ల పేరు మీదికి మారాలి. అడ్వాన్సు ఎంత ఇచ్చినా రెండో తాళం చెవి మాత్రం అప్పటిదాకా తన దగ్గరే ఉంచుకోమను.